సున్నా చివర

టేపు సున్నా చివర నొక్కిపట్టి కూర్చోవడం నా పని.
రెండో చివర ఇంజనీరు నెలిదా అరోస్పిదేది.
అంకెలన్నీ ఆవిడవే.

ఉరుగ్వే ఉత్తరాన, టాక్వారెంబో దాటాక, ఇరవయ్యారో నంబరు రోడ్డు.
జూన్. ఇక్కడ జూన్ అంటే గడ్డి తెల్లబడే చలి.
యూకలిప్టస్ తోటల మట్టిదారి తారులో కలిసే చోట
దుంగల లారీ ఆగకుండా ఎక్కేసింది.
అటునుంచి పాలక్యాన్ల వ్యాను.
టైము తెల్లవారుజాము ఐదూ పది.

లారీ డ్రైవరుది ఒకటే మాట:
"దానికి లైట్లు లేవు సార్, చీకట్లోంచి చీకటే వచ్చి గుద్దింది."
కంపెనీ వకీలు ఆ మాటని ఇస్త్రీ చేసి
మూడు కాపీలు తీయించాడు.
కాదనాల్సిన వాల్దెమార్
అప్పటికే మట్టిలో ఉన్నాడు.
చచ్చినవాడి కళ్ళు చారెడంటారు.
కోర్టులో మాత్రం
చచ్చినవాడికి అసలు కళ్ళే లేవన్నారు.

పోలీసు షెడ్డులో వ్యాను పులిసిన పాల కంపు.
డ్రైవరు సీటులో ఎవరిదో కోడి పొదుగుతోంది.
నెలిదా దాన్ని లేపలేదు.
ముందుకి వంగి, నుజ్జయిన రేకుల మధ్య చెయ్యి దూర్చి
హెడ్‌లైటు బల్బు ముక్కని
పురుడు పోసినంత నెమ్మదిగా బయటికి తీసింది.

"చూడు" అంది, భూతద్దం నా చేతికిచ్చి.
ఆరిపోయి ఉన్న బల్బులో తీగ
దెబ్బ తగిలితే పుటుక్కున తెగుతుందట.
వెలుగుతున్నదైతే సాగుతుంది,
తీగపాకం సాగినట్టు.
ఇది సాగింది. వంకర తిరిగింది.
పగిలిన గాజు నలుసులు ఆ వేడికి కరిగి
దాని ఒంటికి అంటుకుని ఉన్నాయి
ఆవగింజలో ఆరోవంతు, మూడు బొట్లు.
వాల్దెమార్ లైట్లు వేసుకునే వచ్చాడు.

"వెంట్రుకంత తీగ మాట వినమంటారా?" అన్నాడు వకీలు.
"వినక్కర్లేదు, చూడండి."
జడ్జిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని
చాలాసేపు చూశారు.
తీర్పు సాయంత్రానికే వచ్చింది.
తప్పు లారీది.

బయట వరండాలో ఒతీలియా, వాల్దెమార్ భార్య,
డబ్బు ఎప్పుడిస్తారని అడగలేదు.
"ఆ రోడ్డు మీద నల్లగీతలు ఎంత పొడవు?" అంది.
"పద్నాలుగు మీటర్లు."
"అంటే బ్రేకు వేశాడు."
"వేశాడు."
"అంటే చూశాడు."

అన్నిటికీ దశాంశాలు చెప్పే నెలిదా
ఫ్లాస్కు మూత విప్పింది, మళ్ళీ బిగించింది.
"గీతలు పడ్డంతసేపు... ముప్పావు సెకను."
"ముప్పావు సెకనా!
చెప్పులు తొడుక్కోడానికే పావుగంట పట్టేదమ్మా ఆయనకి."
నవ్విందనుకున్నాను.
కాదు.

మర్నాడు రోడ్డు చూపించమంటే తీసుకెళ్ళాను.
వానలకి గీతలు పోయాయి గానీ
నేను వేసిన పసుపు పెయింటు గుర్తు ఉంది.
"ఇదేనా మొదలు?"
"ఇదే. సున్నా."
దాని మీద రెండు పాదాలూ ఆనించి నిలబడింది.
వెనక్కి తిరిగి, తను వచ్చిన ఖాళీ రోడ్డుని చూస్తూ
"పోనీలే, ఇక్కడిదాకా హాయిగానే వచ్చాడు,
ఏమీ తెలీదు" అంది.

కన్ను చూశాక కాలు కదలడానికి సెకను పైనే పడుతుంది.
ఆ వేగంలో, ఇరవయ్యెనిమిది మీటర్లు.
రిపోర్టు తొమ్మిదో పేజీలో ఉంది.
ఆవిడ చూస్తున్న ఆ రెండో స్తంభం దగ్గరే
వాల్దెమార్‌కి అంతా తెలిసిపోయింది.

అంకెలు నావి కావు కదా.
జేబులో టేపు పట్టుకుని
ఊరుకున్నాను.